పలక మీద డోరీన్ పేరు

“దీన్ని తొట్టిలోంచి ఎవరు తీశారు?”

ఎర్నీ ఆగ్డెన్ ఈ మాట అడగడం ఇది మూడోసారి. వంటింటి బల్ల మీద టీ కెటిల్‌కీ మార్మలేడ్ సీసాకీ మధ్య చిన్న బాణాల్లాంటి డార్ట్‌లు విసిరే ఆయన దుంగ బోర్డు వెల్లకిలా పడి ఉంది. నెత్తిన ఉన్న నాలుగు అంకె దగ్గర మొదలైన చీలిక నడిమధ్య గుండా కింద ఉన్న ఐదు దాకా పాకింది. అందులో వేలు పట్టేంత సందు ఉంది.

డోరీన్ రొట్టెముక్కకి వెన్న రాస్తోంది. రాసిన ముక్కకే మళ్ళీ మళ్ళీ రాస్తోంది. ఆమె మొగుడు నార్మన్ తలుపు దగ్గర కొత్త టై కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రావాలో బయటికి పోవాలో అతనికి తేలడం లేదు. అతని ఒంటినుంచి లావెండర్ వాసన గుప్పుమంటోంది.

ఆ వాసనే అతన్ని పట్టించింది.

“నార్మన్, నువ్వు స్నానం చేశావా?”

“రాత్రి చేశాను.”

“శుక్రవారం రాత్రా? నువ్వా?”

“టీవీ వాళ్ళు వస్తున్నారు కదా ఎర్నీ. ఆటగాళ్ళ ఇంటివాళ్ళని కూడా చూపిస్తారట. బస్సు డిపో కంపుతో ఎలా వెళ్ళమంటారు?”

“టీవీలోంచి కంపు కూడా వస్తుందా?”

నార్మన్ టై సర్దుకున్నాడు. “స్నానం అయ్యాక మళ్ళీ నీళ్ళలో పెడదామనే అనుకున్నాను. కార్పెట్ తడుస్తుందని గ్యాస్ మంట పక్కన నిలబెట్టాను. ఆ తర్వాత నిద్ర పట్టేసింది.”

“గ్యాస్ మంట పక్కన!” ఎర్నీ కూతురి వైపు తిరిగాడు. “విన్నావా? రాత్రంతా నానాల్సిన చెక్కని మీ ఆయన చలి కాచుకోమని మంట పక్కన కూచోబెట్టాడు.”

సాల్ఫర్డ్ ఊరు మొత్తంలో ఇలాంటి పని చేసినవాడు ఇంకొకడు ఉండి ఉండడు. దుంగ బోర్డు రోజంతా డార్ట్‌ల పోట్లు తింటుంది, రాత్రి నీళ్ళలో పడుకుంటుంది, తెల్లారేసరికి గాయాలన్నీ పూడిపోతాయి. ఒక్క రాత్రి ఎండితే చీలిపోతుంది. ఇది ఆ వీధిలో గోడ మీది పిల్లికి కూడా తెలుసు. పైగా ఇది ఏదో కొన్న బోర్డు కాదు. ఎర్నీ వాళ్ళ నాన్న స్వయంగా కోసి, చిత్రిక పట్టి, తీగ బిగించిన చెక్క. డోరీన్‌కి చెయ్యి తిరిగింది దాని మీదే.

“నాన్నా, బస్సుకి టైమవుతోంది” అంది డోరీన్ మెల్లిగా.

“వెళ్ళు. నిన్ను ఆపిందెవరు?”

“నువ్వు రావా?”

ఎర్నీ బల్ల మీదికి వంగాడు. చీలిక అంచుని బొటనవేలితో నొక్కి చూశాడు, మూసుకుంటుందేమోనని.

“నీ కోసం ముందు వరసలో సీటు ఉంచారు నాన్నా.”

“ఓడిపోయావనుకో, సోమవారం పొద్దున బిస్కెట్ ఫ్యాక్టరీలో నిలబడతావు. గెలిచావనుకో, మా జట్టుని వదిలేసి పోతావు. ముందు వరసలో కూచుని నేను దేనికి మొక్కుకోవాలో చెప్పు, ఇప్పుడే కోటు తొడుక్కుంటాను.”

వెన్న కత్తి డోరీన్ చేతిలో ఆగిపోయింది.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఒక్క ఏడాది గడువు అడిగి ఫ్యాక్టరీ మానేసిందామె. ఆ ఏడాదిలో వృత్తి ఆటగాళ్ళలో చోటు దొరక్కపోతే మళ్ళీ పాత పనికి పోతానని నార్మన్‌కి మాటిచ్చింది. ఆ చోటు ఇవాళ బ్లాక్‌పూల్‌లో ఫైనల్ గెలిచినవాళ్ళది. గెలిచిన మరుక్షణం పేటలో పబ్బు జట్టుకి ఆడే హక్కు పోతుంది. వృత్తి ఆటగాళ్ళకి పబ్బుల లీగులో చోటు లేదని నియమం.

ఆ జట్టు కెప్టెన్ ఎర్నీయే. వీవర్స్ పబ్బులో వాల్ట్ అని మగవాళ్ళు మాత్రమే కూచునే గది ఒకటి ఉంది. పబ్బువాళ్ళ దుంగ బోర్డు ఉండేది అందులోనే. ఆ గదిలోకి కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన మనిషాయన. ఆడపిల్ల పేరు పలక మీద రాయడానికి వీల్లేదన్న పబ్బు యజమానితో నెలల తరబడి పోట్లాడి, జట్టు పలక మీద రెండో పేరుగా ‘డోరీన్’ అని తన చేత్తో రాశాడు. ఇరవై ఏళ్ళుగా ఆ పేరు అక్కడే ఉంది.

బయట హారన్ మోగింది. పబ్బులో బీరు పోసే ఎడ్నా ఈకల టోపీ పెట్టుకుని టాక్సీలోంచి అరుస్తోంది. “ఏమిటీ, పెళ్ళికి ముస్తాబవుతున్నారా లోపల? రండి బయటికి!”

డోరీన్ డార్ట్‌ల పెట్టె తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూసింది. ఎర్నీ చెక్కని రెండు చేతులతో ఎత్తి, మేడమీద స్నానాల గదికి మోసుకుపోతున్నాడు. అది ఇక నానినా అతుక్కోదని ఆయనకి తెలియకపోదు.

* * *

టాక్సీ దిగి బస్సెక్కాక బ్లాక్‌పూల్ దాకా డోరీన్ నార్మన్‌తో ఒక్క మాట మాట్లాడలేదు. నార్మన్ రెండుసార్లు దగ్గాడు. ఒకసారి “వాన పడేలా ఉంది” అన్నాడు. ఆమె కిటికీలోంచి ఎండని చూస్తూ కూచుంది. ఎడ్నా ఇద్దరి మధ్యలోంచి శాండ్‌విచ్‌లు అందించి, ఎవరూ తీసుకోకపోతే అన్నీ తనే తినేసింది.

హాలు కిటకిటలాడుతోంది. సిగరెట్ పొగ దీపాలకి అడ్డం పడుతోంది. డోరీన్‌కి ఎదురు షీలా వికర్స్. కెంట్ నుంచి వచ్చిన మనిషి, మెడలో ముత్యాలు, చేతిలో వెండి మొనల డార్ట్‌లు. ముందుగా నాలుగాటలు ఎవరు గెలిస్తే కప్పు వాళ్ళది. ప్రతి ఆటా ఐదువందల ఒకటి దగ్గర మొదలవుతుంది. వేసినదల్లా తీసేసుకుంటూ సున్నాకి రావాలి. ఆఖరి డార్ట్ మాత్రం బోర్డు అంచున, అంకెకి రెట్టింపు వచ్చే సన్నటి డబుల్ గడిలో పడితీరాలి.

షీలా, అంకెకి మూడింతలు వచ్చే ట్రెబుల్ గళ్ళ మీదే కొట్టి పరిగెత్తుతుంది. దుంగ బోర్డు మీద ట్రెబుల్ గళ్ళే ఉండవు కాబట్టి డోరీన్‌కి ఆ పరుగు ఎప్పుడూ రాలేదు. కానీ దుంగ బోర్డు డబుల్ గడి, ఈ హాల్లో పెట్టిన లండన్ బోర్డు గడిలో సగమే ఉంటుంది. దాని మీద పెరిగిన చేతికి ఇక్కడి డబుల్ గడి తలుపు బార్లా తెరిచినట్టు కనిపిస్తుంది. ఎదుటివాళ్ళు ముందు పోతారు, డోరీన్ వెనకనించి వచ్చి ముగించేస్తుంది. ఏడాదంతా ఆమె ఇలాగే నెగ్గుకొచ్చింది.

ఇవాళ మాత్రం చెయ్యి మాట వినడం లేదు. మూడాటల్లో రెండు షీలావి, ఒకటి డోరీన్‌ది.

నాలుగో ఆటలో అవకాశం వచ్చింది. షీలా ఇంకా దూరంలో ఉంది. డోరీన్‌కి మిగిలింది ఎనిమిది. డబుల్ నాలుగు కొడితే ఆటలు సమం.

గీత దగ్గర నిలబడింది. చెయ్యి ఎత్తింది. కళ్ళ ముందు బోర్డు లేదు. వంటింటి బల్ల మీది చీలిక ఉంది. నెత్తిన ఉన్న నాలుగు దగ్గర మొదలై కిందికి దిగిన చీలిక. డార్ట్ వదిలేసింది.

అది సూటిగా బోర్డు నెత్తిన డబుల్‌లో దిగింది. చాలా చక్కగా దిగింది.

దుంగ బోర్డుకి నెత్తిన ఉండేది నాలుగు. లండన్ బోర్డుకి నెత్తిన ఉండేది ఇరవై. ఎనిమిది కావాల్సిన చోట నలభై కొట్టి కూచుంది. ఆ వంతు మొత్తం చెల్లకుండా పోయింది.

హాలంతా ఒక్క క్షణం నోరు తెరిచింది, తర్వాత గొల్లున నవ్వింది. స్కోరు చెప్పే ఆయన కూడా మైకు పక్కకి తిప్పి నవ్వు దాచుకున్నాడు. తన వంతు రాగానే షీలా తాపీగా ముగించేసింది. మూడు, ఒకటి. షీలా ఇంకొక్క ఆట గెలిస్తే డోరీన్ బిస్కెట్‌ల దగ్గరికి పోవాలి.

విరామం ఇచ్చారు. డోరీన్ తల దించుకుని నడవాలోకి వచ్చింది. నార్మన్ పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే ఎడ్నా, ఆమె టోపీ ఈకలూ.

“తిట్టు” అన్నాడు నార్మన్.

“ఏమిటి?”

“పొద్దుట్నించీ నన్ను ఒక్క మాట అనలేదు నువ్వు. కడుపులో పెట్టుకుని ఆడుతున్నావు. నీ చెయ్యి చూసుకో, డార్ట్ పట్టుకున్నట్టు లేదు, సుత్తి పట్టుకున్నట్టుంది. తిట్టు.”

“నిన్ను తిట్టడానికి ఇదా సమయం?”

“ఇంకెప్పుడు? ఇంటికెళ్ళాక తిడితే నాకు అన్నం సహించదు, ఇక్కడైతే ఆకలి కూడా లేదు.”

ఎడ్నా కిసుక్కున నవ్వింది. అంతే, డోరీన్ భగ్గుమంది.

“లావెండర్ ఉప్పు! లావెండర్ ఉప్పు వేసుకుని మరీ స్నానం చేశావు! మన పెళ్ళిరోజున కూడా ఇంత శుభ్రంగా లేవు నువ్వు! ఆ తొట్టిలో చెక్క ఉంటుందని నీకు తెలీదా? పద్దెనిమిదేళ్ళుగా దాని పక్కన నిలబడి కదా గడ్డం గీసుకుంటున్నావు! మా తాత చెక్కిన బోర్డు! ఎవరో నీ మొహం చూస్తారని దాన్ని కాల్చి పెట్టావు! ఎవడు చూస్తాడు నీ మొహం?”

“ఎవరూ చూడలేదు” ఒప్పుకున్నాడు నార్మన్. “కెమెరా ఒకసారి కూడా నా వైపు తిరగలేదు.”

“తిరగదు! ఎందుకు తిరుగుతుంది? నాన్న రాలేదు నార్మన్. నేను ఓడిపోతానని భయపడి రాలేదంటే ఊరుకునేదాన్ని. గెలుస్తానని భయపడి రాలేదు. అది నేను ఎలా మింగాలి?”

నడవాలో పోతున్నవాళ్ళు ఆగి చూస్తున్నారు. టీ ట్రే పట్టుకున్న మనిషి గోడకి అతుక్కుపోయాడు. డోరీన్ పబ్బులో మగాళ్ళు కూడా సిగ్గుపడే మాటలు ఇంకో నాలుగు విసిరింది. నార్మన్ అన్నింటికీ తలూపాడు.

“ఇంకేమైనా ఉందా?”

“లేదు.” ఆమె ముక్కు తుడుచుకుంది. “ఆ టై కూడా బాగాలేదు.”

“తీసేస్తాను.”

“ఉంచు. ఎడ్నా, శాండ్‌విచ్ ఏమైనా మిగిల్చావా?”

* * *

ఐదో ఆట డోరీన్ గెలిచింది. ఆరోదీ ఆమెదే. రెండుసార్లూ షీలా ముందే చేరుకుని డబుల్ దగ్గర తడబడింది, డోరీన్ వెనకనించి వచ్చి ఒక్కొక్క డార్ట్‌తో తలుపు మూసింది. మూడు, మూడు. నవ్విన హాలు ఇప్పుడు నవ్వడం లేదు. వెనక వరసల్లో ఎవరో బల్లలు చరుస్తున్నారు.

ఆఖరి ఆటలో షీలా మళ్ళీ దూసుకుపోయింది. ఆమెకి డబుల్ ఇరవై ఒక్కటే మిగిలింది, చేతిలో మూడు డార్ట్‌లు. డోరీన్ పక్కన నిలబడి తన బూట్లని చూసుకుంది. అలా నిలబడ్డప్పుడు ఎదుటిమనిషి తప్పాలని కోరుకోవడం మర్యాద కాదు. ఆమె కోరుకుంది.

మొదటిది తీగ బయట పడింది. రెండోదీ అక్కడే. మూడోది తీగకి తగిలి టంగుమని నేల మీద పడింది. షీలా కళ్ళు మూసుకుంది.

“డోరీన్, మీకు కావాల్సింది ముప్ఫై రెండు” అన్నాడు మైకు ఆయన.

డబుల్ పదహారు. ఆమె వేసింది. డార్ట్ వెంట్రుకవాసి లోపలికి, మామూలు పదహారులో పడింది. మిగిలింది పదహారు. డబుల్ ఎనిమిది. ఊపిరి పీల్చి రెండోది వేసింది. మళ్ళీ లోపలికే పోయి మామూలు ఎనిమిదిలో పడింది.

మిగిలింది ఎనిమిది. చేతిలో ఒక్క డార్ట్. కావాల్సింది డబుల్ నాలుగు.

ఇందాక ఏం జరిగిందో హాల్లో అందరికీ గుర్తొచ్చింది. ఒక గుసగుస ముందు వరస నుంచి చివరిదాకా పాకింది. పైనుంచి ఎవడో “అమ్మా, నెత్తిన వెయ్యకు!” అని అరిచాడు. జనం నవ్వారు, వెంటనే వాళ్ళంతట వాళ్ళే నోళ్ళు మూసుకున్నారు.

డోరీన్‌కి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే బోర్డు వైపు చూసింది. కుడి పక్కన, పద్దెనిమిదికీ పదమూడుకీ మధ్య, నాలుగు ఉంది. దాని అంచున ఆకుపచ్చ డబుల్ గడి ఆమెకి అరచేతి వెడల్పున కనిపించింది. వేళ్ళు తేలిగ్గా ఉన్నాయి. మోచెయ్యి తేలిగ్గా ఉంది. తిట్టాల్సిందంతా తిట్టేసిన మనిషి ఒళ్ళు ఎలా ఉంటుందో అలా ఉంది.

డార్ట్ వెళ్ళి గడి నడుమ దిగింది.

ఆ తర్వాత ఏం వినిపించిందో ఆమెకే తెలీదు. హాలు లేచి నిలబడింది. ఎడ్నా టోపీ ఎగిరిపోయింది. నార్మన్ రెండు కుర్చీలు దాటి, మూడో కుర్చీ తన్నుకుని పడి, లేచి వచ్చి భార్యని నేలమీంచి ఎత్తేశాడు. తనే గెలిచింది! బిస్కెట్ పెట్టెల మీద చీటీలు అంటించిన ఈ చేతుల్తో, లండన్ వాళ్ళ బోర్డు మీద, లండన్ వాళ్ళ కెమెరాల ముందు గెలిచింది. డోరీన్ ఆనందం పట్టలేక నార్మన్ వీపు మీద పిడికిళ్ళతో బాదింది.

షీలా దగ్గరికొచ్చి చెయ్యి కలిపింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నా మనిషి పెద్దమనిషే. “డబుల్స్ అలా కొట్టడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

“మా ఇంటి స్నానాల తొట్టిలో” అంది డోరీన్.

షీలాకి ఏం అర్థమైందో ఏమో, పగలబడి నవ్వింది.

కప్పు ఇచ్చారు. కాగితం ముందు పెట్టారు. డోరీన్ సంతకం చేసింది. వచ్చే నెల నుంచి ఊరూరా తిరిగి ఆడే పదహారు మందిలో ఆమె ఒకతె. సంతకం పెట్టిన వేళ్ళు చాలాసేపు కలాన్ని వదల్లేదు.

* * *

వాళ్ళు సాల్ఫర్డ్ చేరేసరికి వీధిలో ఇంకా వెలుతురు ఉంది. వీవర్స్ పబ్బు ముందు జనం. డోరీన్‌ని భుజాల మీద ఎత్తుకుని లోపలికి మోశారు. కప్పు నిండా బీరు పోసి అందరూ తలో గుక్కా తాగారు. ఎవరో పియానో మొదలెట్టారు.

“మీ నాన్న పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాడు” అన్నాడు పబ్బు యజమాని ఆమె చెవిలో. “టీవీకి వీపు పెట్టి కూచున్నాడు. ఒక్కసారి తిరిగి చూస్తే ఒట్టు. కానీ ప్రతి డార్ట్‌కీ ‘ఎంత, ఎంత’ అని నా ప్రాణం తీశాడు. నువ్వు నెత్తిన కొట్టినప్పుడు మాత్రం అడక్కుండానే తెలిసిపోయినట్టు తల పట్టుకున్నాడు.”

“ఎక్కడున్నాడు?”

యజమాని వాల్ట్ వైపు చూపించాడు.

డోరీన్ లోపలికి వెళ్ళింది. వెనకాలే జనం తోసుకుంటూ వచ్చారు. ఎర్నీ పలక ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో తడిగుడ్డ ఉంది. కూతుర్ని చూశాడు, ఆమె చేతిలో కప్పుని చూశాడు.

“గెలిచావటగా.”

“గెలిచాను నాన్నా.”

“సంతకం పెట్టావా?”

“పెట్టాను.”

ఆయన తలూపాడు. పలక వైపు తిరిగి, రెండో పేరు మీద తడిగుడ్డ పెట్టి, మెల్లిగా, ఒక్కొక్క అక్షరం తుడిచాడు. పియానో ఆగిపోయింది. ఇరవై ఏళ్ళ సుద్ద అంత తొందరగా పోలేదు, రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది.

“ఎర్నీ, ఈ ఒక్క రోజైనా ఉంచొచ్చు కదా!” అన్నాడు నార్మన్.

“నువ్వు మాట్లాడకు. నీకు సబ్బు ఖర్చు పెరిగింది.” ఎర్నీ వెనక్కి తిరగలేదు. “నియమం నియమమే. ఆమె ఇక మన జట్టు కాదు.”

డోరీన్ ఏడవకూడదనుకుంది. కళ్ళు ఆ మాట వినలేదు.

ఎర్నీ గుడ్డ పక్కన పడేసి జనం వైపు తిరిగాడు. “మన పబ్బుకి వృత్తి ఆటగత్తె వచ్చింది. బయటివాళ్ళు వస్తే మనలో ఒకడు ఎదురు ఆడాలి కదా. మన ఆచారమేగా? రండి, ఎవరు పేరు రాస్తారు?”

ఎవరూ కదల్లేదు. బోర్డు పక్కన పందెం పలక ఒకటి వేరే ఉంటుంది, సవాలు చేసేవాడు దాని మీద తన పేరు రాసుకోవాలి. జట్టులో మగాళ్ళంతా తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు.

“ఒక్కడికీ దమ్ము లేదన్నమాట” అన్నాడు ఎర్నీ.

సుద్దముక్క తీశాడు. పందెం పలక మీద పెద్ద అక్షరాలతో ‘ఎర్నీ ఆగ్డెన్’ అని రాశాడు. డోరీన్ పదిహేనేళ్ళ వయసులో తనని మొదటిసారి ఓడించిన రోజు నుంచీ కూతురికి ఎదురు ఆడలేదాయన. ఆ రోజు నుంచీ ఆమె పక్కనే నిలబడి ఆడాడు.

“నాన్నా, వద్దు” అంది డోరీన్.

“వద్దని బయటివాళ్ళు అనకూడదు.” ఆయన కోటు విప్పి ఎడ్నాకి ఇచ్చాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. సన్నబడిన ముంజేతులు. “అతిథివి, ముందు నువ్వే వెయ్యాలి.”

జనం పక్కకి తప్పుకున్నారు. డోరీన్ గీత దగ్గరికి నడిచింది. ఎదురుగా పబ్బువాళ్ళ దుంగ బోర్డు, పొద్దుటి నీళ్ళ తడితో ఇంకా నల్లగా ఉంది. ఓడిపోవడం ఎంత సులువు! వెంట్రుకవాసి పక్కకి వేస్తే చాలు. ఎవరికీ తెలీదు. ఆయన ముసలి మొహం వెలిగిపోతుంది, ఈ రాత్రికి ఇల్లు ఇల్లులా ఉంటుంది.

డార్ట్ పట్టుకుని చెయ్యి ఎత్తింది.

“డోరీన్” అన్నాడు ఎర్నీ వెనకనించి, ఆమెకి మాత్రమే వినపడేటట్టు. “నేను ఓడిపోతానని జాలిపడి ఒక్క డార్ట్ తప్పు వేశావో, నువ్వు నా కూతురివి కాదు.”

ఆమె చెయ్యి గాలిలో అలాగే ఉంది. గదిలో ఒక్కరూ గ్లాసు కింద పెట్టలేదు.